బండ మీద కూర్చుని నింపిన ఫారం

భూగర్భ జలాల పనిలో కొత్తగా చేరుతున్నవాళ్లకు నేను చెప్పగలిగిన మాట ఒకటే. పొలంలోకి దిగగానే నడిచే బోరు ఎక్కడుందని అడక్కండి. ముందు ఆ పొలంలో మూతగా పెట్టిన బండలెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

ఇంత చిన్న మాట నేర్చుకోవడానికి నాకు అయిదేళ్ల ఉద్యోగం పట్టింది. ఇంకొకరికి ఒక జామతోట పట్టింది. ఇప్పుడు నేను ఆ ఉద్యోగంలో లేను. పాపకు పద్నాలుగు నెలలు. అది నిద్రపోయాకే నాకు కాగితం ముందు కూర్చునే తీరిక. మధ్యమధ్య లేచి, జ్వరమేమీ లేకపోయినా దాని నుదురు తాకి వస్తుంటాను. ఈ రాతలో ఎక్కడైనా దారం తెగినట్టుంటే అక్కడ నేను లేచి వెళ్లానని అనుకోండి.

మా ఆఫీసు శంషాబాద్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన రెండు గదులు. విమానం దిగేటప్పుడు కిటికీ అద్దాలు గలగలమనేవి. అందరం మాట మధ్యలో ఆపి, అది వెళ్లాక ఆపిన చోటునుంచే అందుకునేవాళ్లం. ముఖ్యంగా ముగ్గురం. మా సార్ కోస్తానుంచి వచ్చి, ఇక్కడి రాళ్లతోనే తల నెరిసిన మనిషి. ఫీల్డుకు నన్ను వెంటబెట్టుకుని వెళ్లేందుకు ఒక అన్న ఉండేవాడు, ఆయనది మహేశ్వరం పక్కన పల్లె. ఏ గట్టు ఎవరిదో, ఆ గట్టు మీద ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో ఆయనకు తెలుసు. కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని నేను.

మహేశ్వరం నుంచి కందుకూరు వైపు పల్లెల్లో కింద నీళ్లు ఎక్కడ మిగిలాయో తేల్చి పటం గీయడం మా పని. అక్కడ ఒక పక్క ప్లాట్లు వస్తున్నాయి, ఇంకో పక్క ఫ్యాక్టరీలకు భూములు పోతున్నాయి. మధ్యలో ఇంకా వ్యవసాయం చేస్తున్నవాళ్లు కొందరు. మన నేల కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు దాని పగుళ్లలోనే నిలుస్తాయి. బోరు పగులు మీద పడితే పంట, పది అడుగులు పక్కకు పడితే దుమ్ము. ఆ పగుళ్లను ఎవరూ కళ్లతో చూడలేదు. కాబట్టి కింద ఇలా ఉండొచ్చని ఒక నమూనా కట్టుకుంటాం. ఆ నమూనా ప్రకారం బోర్లలో నీరు ఎంత లోతున ఉండాలో లెక్కవేసి, నిజంగా కొలిచినదానితో పోల్చి చూస్తాం. చిక్కేమిటంటే, ఒకదానికొకటి పొంతన లేని నమూనాలు కూడా అవే కొలతలకు సరిపోతాయి. అందుకే ఒక్కదాన్ని నమ్మకుండా వందల నమూనాలు నడిపి, ఒక చోట ఎన్నింటిలో నీళ్లు కనబడ్డాయో చూసి, నమ్మకం ఇంత, అనుమానం ఇంత అని చెప్పాలి. కాలేజీలో నాకు అన్నిటికన్నా ఎక్కువ మార్కులొచ్చిన పాఠం ఇదే.

కొలవడం మాత్రం తేలిక. చుట్టకు చుట్టిన పొడవాటి టేపును బోరులోకి దింపుతాం. దాని కొస నీటికి తగిలితే పైన బజర్ మోగుతుంది. ఎన్ని అడుగుల దగ్గర మోగిందో ఫారంలో రాస్తాం. ఫారంలో మొదటి గడి నీటిమట్టమే. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ వరుసను మా ప్రోగ్రాం అసలు చదివేదే కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మేము అక్కా అని పిలిచే ఒక రైతమ్మ తోట అలా కొలతలకు వెళ్లినచోట్లలో ఒకటి. ఎకరన్నర జామ. భర్త కాటేదాన్‌లో రేకుల కార్ఖానాలో పనిచేస్తూ ఆదివారం చర్చి వేళకు ఇంటికొచ్చేవాడు. తోట మాత్రం పూర్తిగా ఆమెదే. తాను మోసుకొచ్చి నాటిన మొక్కలు కాబట్టి ఏ చెట్టు ఎప్పుడు అలిగిందో కూడా చెప్పేది. మూడేళ్లుగా రెండు నెలలకోసారి ఆమె బోరులో కొలత తీసుకునేవాళ్లం. నేను కడుపుతో ఉన్నానని తెలిశాక ఆమె మమ్మల్ని ఉత్త చేతులతో పంపలేదు. కొమ్మ మీద దోరగా ఉన్నవి చూసి కోసి, కొంగుతో తుడిచి ఇచ్చేది. పళ్లు తింటూ నేను తోటలో నీడనున్న ఒక చదునైన బండ మీద కూర్చుని ఫారం నింపేదాన్ని. మోకాలి ఎత్తున చక్కగా అమిరినట్టుండేది అది. అక్క ఒకటి రెండుసార్లు, "గాడ కూసోకు చెల్లె, మంచమేస్త" అంది. మర్యాదకు అంటోందనుకున్నాను.

ఆఖరి వేసవికి లెక్క తేలింది. నేను గీసిన పటంలో నీళ్లు దొరికే అవకాశం ఉన్న చోట్లు నీలం. ఆ నీలం మీద అనుమానాన్ని నల్ల చుక్కలుగా పెట్టాను. చుక్కలు ఎంత ఒత్తుగా ఉంటే అంత తక్కువ నమ్మకమన్నట్టు. మహేశ్వరం అవతల చాలా పల్లెలు నీలంగానే ఉన్నాయి గాని, మశూచి పోసినట్టు చుక్కలు. సార్ కళ్లజోడు పైకి తోసి చాలాసేపు చూశారు.

"అమ్మా, దీన్ని తీసుకెళ్లి ఆఫీసులో గోడకు తగిలిస్తారు. వచ్చినవాడు ఇక్కడ నీళ్లున్నాయా లేవా అని అడుగుతాడు. సగం ఉన్నాయి, సగం లేవు అంటే మనల్ని సగం తెలిసినవాళ్లనుకుంటారు. సగానికి పైన వచ్చినచోటల్లా నీలం ఉంచండి. చుక్కలు తీసేయండి."

నేను వాదించలేదని చెప్పను. రెండు వాక్యాలు వాదించాను. మూడో వాక్యానికి విమానం వచ్చింది. అది వెళ్లాక ఆపిన చోటునుంచి అందుకోవడం ఆ ఒక్కసారి నా వల్ల కాలేదు. నాకు ఆరో నెల, పాదాలు వాచి ఉన్నాయి, ప్రసూతి సెలవు కాగితం ఆయన బల్ల మీదే ఉంది. సార్ చెడ్డవారు కారు. అనుమానాల సంగతంతా నివేదిక వెనక అనుబంధంలో పెట్టుకోమన్నారు, నేను పెట్టాను. అక్కడిదాకా పేజీలు తిప్పే ఓపిక ఎవరికీ ఉండదని ఇద్దరికీ తెలుసు. చుక్కలన్నీ తీసేయడానికి ఒక్క నొక్కు చాలింది. పటం ఎంత శుభ్రంగా కనబడిందంటే, నాకు నేనే ముచ్చటపడ్డాను.

ఆ నెల చివరి కొలతకు వెళ్లినప్పుడు అక్క తోటలో పైపు నీళ్లకన్నా గాలి ఎక్కువ వదులుతోంది. ఆకులు అంచుల్లో ముడుచుకుంటున్నాయి. బజర్ మోగడానికి టేపు దాదాపు అంతా దించాల్సి వచ్చింది. కొత్త బోరు వేద్దామని అక్క అప్పటికే నీళ్లు చూసే తాతను పిలిపించింది. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పొలమంతా నడుస్తాడు ఆయన. కింద నీళ్లుంటే కాయ నిలబడుతుందని నమ్మకం. తాత వచ్చి వెళ్లిన సంగతి చెబుతుంటే మా అన్న నవ్వు ఆపుకోలేదు.

"తాతకు కాయ లేస్తది, మా మేడంకు రంగు లేస్తది. గంతే ఫరక్ అక్కా."

ఆ పోలిక నాకు నచ్చలేదు. తాత ఏమన్నాడని అడిగాను. ఉత్తరం మూలన ఒక చోటు చూపించాడట.

"రూపాయిల పదణాలు నీళ్లున్నట్టే అనిపిస్తది బిడ్డా, ఆరణాలు దేవుని దయ అన్నడు" అని చెప్పి అక్క నా వైపు తిరిగింది. "తాత సంగతి ఇడిసిపెట్టు. నువ్వు చదువుకున్నదానివి. మీ కంప్యూటర్ ఏమంటది చెల్లె?"

ఫోన్‌లో పటం తీసి చూపించాను. ఆమె తోట ఉన్న గడి నీలంగా, ఒక్క మచ్చ లేకుండా ఉంది.

"ఉన్నాయనే అంటుంది అక్కా."

"పక్కానా?"

ఇక్కడ ఆగి ఒక సంగతి చెప్పాలి. ఆ గడిలో వందల నమూనాలు ఏమన్నాయో నాకు గుర్తుంది. సగానికి కాస్త ఎక్కువ. పదహారణాల రూపాయిలో తొమ్మిదణాలో పదణాలో. కొబ్బరికాయ తాత చెప్పినదీ నా లెక్క చెప్పినదీ ఒకటే. తేడా ఏమిటంటే, ఆయన ఆ ఆరణాలు దాచుకోలేదు. నేను కూడా పదణాలే అక్కా అని చెప్పి ఉండవచ్చు. కానీ ఇన్నేళ్లు చదివి, అంత ఖరీదైన యంత్రం పెట్టుకుని, తాత మాటే తిరిగి చెప్పడానికి నోరు రాలేదు. పైగా ఆమెకు నీళ్లు పడాలని నాకూ ఉంది. మనకు కావాలనిపించేదానికి నమ్మకం దానంతటదే పెరుగుతుంది.

"పక్కా అక్కా" అన్నాను.

రెండు వారాల తర్వాత బోరు బండి వచ్చింది. అక్క ఉన్న రెండు బర్రెలనూ అమ్మేసింది. ఇంకోసారి వేయడానికి ఇంట్లో ఇంకేమీ లేదని, ఇదే ఆఖరిదని ముందే చెప్పింది. పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేశారు. బండివాళ్లు తమ ఆనవాయితీ ప్రకారం కొబ్బరికాయ కొడతామన్నారు. పాస్టర్ గారు మొహం అటు తిప్పుకున్నారు గాని అక్క కొట్టమంది. "ఎవల దేవుడు ఆల్లకు. నీళ్లు పడ్తె అందరం తాగుతం" అని నవ్వింది. ఆ రోజు ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

దుమ్ము తగలకుండా నన్ను దూరంగా, నా మామూలు బండ మీదే కూర్చోబెట్టారు. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. ఒకటి దిగాక ఇంకొకటి తగిలిస్తారు. నాలుగో రాడ్డుకు మట్టి రంగు మారి, అయిదో దానికి తడిసిన పొడి వచ్చింది. అక్క ఆ తడిపొడిని గుప్పిట్లోకి తీసుకుని నా దగ్గరికి పరుగున వచ్చి చూపించింది. నేనూ ముట్టుకున్నాను. చల్లగా ఉంది. ఆ తర్వాత మళ్లీ పొడి. తెల్లటి పిండిలాంటి రాతిపొడి. పది, పదిహేను, ఇరవై. తోటంతా పొగమంచు కమ్మినట్టయింది. జామ ఆకులన్నీ తెల్లబడ్డాయి. బండి మేస్త్రీ ఇంజిన్ చప్పుడులో సైగ చేసి అడుగుతాడు, ఇంకొకటి వేయాలా అని. అక్క నా వైపు చూస్తుంది. నేను తల ఊపుతాను. అలా ఎన్నిసార్లు ఊపానో. ముప్పయ్యో రాడ్డు దగ్గర ఆయన నన్నూ ఆమెనూ అడగకుండానే ఇంజిన్ ఆపేశాడు.

ఒక్కసారిగా నిశ్శబ్దమైతే చెవులు ఎలా గుయ్యిమంటాయో మీకు తెలుసు. ఎవరూ ఏడవలేదు. అక్క ముఖం మీది పొడి తుడుచుకుని, పిల్లలెవరూ పడకుండా బొక్క మూయాలి కదా అంటూ అన్నను పిలిచింది.

"ఇగ ఇంకో బండ తేవాలె అన్నా."

ఇంకోటి ఏమిటని అడిగాను.

"మూడున్నయి గద చెల్లె. మా మామ ఏసిందొకటి, మేమేసినయి రెండు. నువ్వు కూసున్నది గూడ గదే."

నేను లేచి నిలబడ్డాను. లేవడానికి నాకు కాస్త సమయం పట్టింది, కడుపు బరువు. మూడేళ్లుగా ఎండిన బోరు మీద కూర్చుని, ఈ తోటలో బోరు ఒకటి, నీరు ఉంది అని రాస్తూ వచ్చాను. ఎందుకు చెప్పలేదక్కా అంటే, "నువ్వు అడగలె గదా" అంది. ఎండినవాటి ముచ్చట ఎవరు ఎత్తుతారని, పైగా అనుమతి లేకుండా వేసినవి, రాసుకునేవాళ్ల ముందు చెప్పడానికి భయమని తర్వాత బండిలో మా అన్న చెప్పాడు. ఆయన సొంత పొలంలోనే రెండున్నాయట. ఆయననూ నేను ఎప్పుడూ అడగలేదు.

సెలవుకు ఇంకా నెలన్నర ఉంది. ఆ నెలన్నరా నేనూ అన్నా పల్లె పల్లె తిరిగి బండలు లెక్కపెట్టాం. అడిగితే చెప్పారు. కొన్ని బండల మీద బట్టలు ఉతుకుతున్నారు, ఒకదాని మీద కోళ్లగంప ఉంది. నడుస్తున్న బోర్లకన్నా బండలే ఎక్కువ. ఫారంలో రాసి ఉన్నా, నీటిమట్టం గడి ఖాళీ కాబట్టి మా ప్రోగ్రాం వాటిని చదివేది కాదు. వాటిని ఏదోలా చదివించి నమూనాలు మళ్లీ నడిపితే, పటంలో నీలం అక్కడక్కడా చినుకు పడ్డంత మిగిలింది. అక్క తోట ఉన్న గడి తెల్లగా ఉంది.

కొత్త పటం సార్ బల్ల మీద పెట్టాను. ఆయన ఈసారి కళ్లజోడు తీసేసి కూర్చున్నారు. నివేదిక వెళ్లిపోయిందని, సంతకం తనదని, వచ్చే పనిలో ఫారం మారుద్దామని అన్నారు. కళ్లజోడు తుడుచుకుంటూ, "ముప్పై ఏళ్లలో నేనూ అడగలేదమ్మా" అన్నారు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని అప్పట్లో చాలా ప్రయత్నించాను. ఇప్పుడు ఆ కోపాన్ని నిలబెట్టే ఓపిక లేదు. చుక్కలు తీసిన వేలు నాది.

పాప పుట్టాక తిరిగి ఉద్యోగంలో చేరలేదు. పాపను చూసుకునేవాళ్లు లేరని అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

పాపకు అయిదో నెలలో మొదటిసారి జ్వరం వచ్చింది. దవాఖానలో డాక్టరమ్మ చూసి, చాలావరకు మూడు నుంచి అయిదు రోజుల్లో తగ్గిపోతుందన్నారు. తగ్గుతుంది కదా, పక్కానా అని అడిగాను. పక్కా అని చెప్పలేనమ్మా అన్నారు ఆవిడ. పాలు తాగడం మానేసినా, ఒంటికి మచ్చలు వచ్చినా ఏ వేళైనా సరే తీసుకురమ్మని, ఆ రెండూ చీటీ మీద రాసిచ్చారు. బయటికి వచ్చేదాకా ఆవిడ మీద మండిపడుతూనే ఉన్నాను. ఆటోలో పాపను ఒళ్లో పెట్టుకున్నాక ఆ చీటీ చదివాను. అక్కకు నేను ఇవ్వాల్సింది ఇదే. పదణాలు అని చెప్పి, పదో రాడ్డు దాటాక కూడా ఉత్త పొడే వస్తే ఆపేద్దాం అక్కా, ముందు మీ పాతవి చూపించు అని. ఇంత చీటీ. దానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు.

జ్వరం నాలుగో రోజు తగ్గింది. ఆ తర్వాత కొన్ని నెలలు ధైర్యం కూడగట్టుకుని, మొన్న పాపను ఎత్తుకుని అక్క దగ్గరికి వెళ్లాను. ఆమె ఇప్పుడు విమానాశ్రయం దగ్గర ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తోంది. ఆ రోజు సెలవు. తోటలో చెట్లు నిలబడే ఉన్నాయి గాని ఆకు లేదు. ముట్టుకుంటే కొమ్మ విరిగింది. తోటకు బేరం అయిపోయిందని, ప్లాట్లు చేసేవాళ్లు తీసుకుంటున్నారని మామూలుగానే చెప్పింది. పాపను నా చేతుల్లోంచి తీసుకుని, నా పోలికేనని, మొండిదిలా ఉందని అంది.

దారంతా కూడబలుక్కున్న మాట చెప్పాను. పటం తప్పని, ఆ తప్పు నాకు తెలుసని, పక్కా అని అనకుండా ఉండాల్సిందని.

అక్క పాప వేళ్లు విప్పి చూస్తూ అంది, "పటం నాకేమర్థమైతది చెల్లె. నీ మొఖం సూసి ఎయ్యమన్న. అండ్ల అనుమానం కనబడలె."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆ తర్వాత పాపను చంకనేసుకుని ఉత్తరం మూలకు నడిచింది. నాలుగో బండ అక్కడ ఉంది. కొత్తది కావడంతో ఇంకా నాచు పట్టలేదు.

"ఎల్లుండి జేసీబీ వస్తది. బండలన్నీ తీసి చదును చేస్తరట. మల్ల ఈడ ఇల్లు కట్టుకునెటోల్లు బోరు ఏస్తరు. జర రాస్కో చెల్లె, నాలుగూ రాస్కో. ఎవలన్న అడిగితె ఈడ లెవ్వని చెప్పు."

పాప సంచీలో అడుగున పాత ఫారాల కట్ట ఒకటి మిగిలిపోయి ఉంది, పాలసీసా కింద పరవడానికి వాడేదాన్ని. అందులోంచి ఒకటి తీసి, ఫోన్‌లో చోటు చూసుకుని ఒక్కో బండ దగ్గరికీ వెళ్లి రాశాను. కూర్చోలేదు, నిలబడే రాశాను. ఎవరికి ఇవ్వాలో తెలియదు, ఆ పని ఎప్పుడో ముగిసింది. నీళ్లు పడలేదని రాయడానికి ఫారంలో గడి లేదు. పక్కన ఖాళీలో రాశాను. నాలుగోది ఆరువందల అడుగులు. నీరు లేదు.

అక్క నా భుజం మీదుగా తొంగిచూసింది.

"ఏం రాసినవ్?"

"నీళ్లు లేవని అక్కా."

ఆమె పాపను ఇంకో చంకకు మార్చుకుంది.

"ఇదన్న పక్కానా?"

"పక్కా అక్కా" అన్నాను.